ఉమ్మడి జ్ఞాపకం

బ్యాంకులో చేరిన మొదటి నెలలో నా చేత నింపించిన కాగితాలలో ఒకటి స్వస్థలానికి సంబంధించినది. సెలవులో ఊరు వెళ్ళి రావడానికి ఇచ్చే రాయితీ కోసం ఉద్యోగి తన సొంత ఊరేదో ప్రకటించాలి. ఒకసారి ప్రకటించాక మార్చుకోవడం అంత సులువు కాదు. నేను పది నిమిషాలు కలం పట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులోని మరాఠీ మిత్రుడు నవ్వి, సొంత ఊరి పేరు రాయడానికి కూడా ఇంత ఆలోచనా అన్నాడు. చివరికి మా బాపు పుట్టిన ఊరు, పాత కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె పేరు రాశాను. ఆ పల్లెలో నేను నా బతుకు మొత్తం మీద అన్నీ కలిపి ఆరు నెలలు ఉన్నానేమో. నేను పెరిగింది చంద్రపూర్ దగ్గరి పద్మాపూర్‌లో. రాయవలసింది ఆ పేరే. కానీ మహారాష్ట్రలో ఉన్న తెలుగువాడికి సొంత ఊరంటే బల్లార్షాలో రైలెక్కి గోదావరి దాటి పోవలసిందేనని ఇంట్లో నేర్చుకున్న పాఠం.

ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి ఈ తికమక కొత్త కాదు. ఉండే ఊరు ఒకటి, మాది అని చెప్పుకునే ఊరు మరొకటి. మా చంద్రపూర్ జిల్లా సంగతే చూడండి. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు దారి పూర్తయింది. ఆ దారి పట్టుకునే కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి మనవాళ్ళు బొగ్గుబాయిలకూ, 1945లో స్థాపించిన బల్లార్‌పూర్ కాగితం మిల్లుకూ, రైల్వే పనులకూ వచ్చారు. రాజురా తాలూకా వాళ్ళయితే ఎక్కడికీ రాలేదు. ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఆ తాలూకా 1956లో నాందేడ్‌లోకి, 1959లో చాందా జిల్లాలోకి మారింది. వాళ్ళ ఇళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఇలాంటి జిల్లాలో ‘మన ఇల్లు’ అనే మాట పలికేటప్పుడు గొంతులో కాస్త బరువు ఉండడం సహజం. అందుకేనేమో మనం చిన్ననాటి ఇంటిని తలచుకోవడం స్వరాష్ట్రంలో ఉన్నవాళ్ళకన్నా ఒక పాలు ఎక్కువే. కలిసినప్పుడల్లా అవే కథలు చెప్పుకుంటాం. అది తప్పని నేననను. కానీ ఆ కథల గురించి నాకొక ప్రశ్న ఎదురైంది. రెండేళ్ళుగా దాన్ని మోస్తున్నాను కనుక ఇక్కడ దించుకుంటున్నాను.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. 1973లో గనులు జాతీయం కావడంతో ఆయన నౌకరికి ఒక భరోసా వచ్చింది. అయినా మేం కంపెనీ క్వార్టర్లలో లేము. చంద్రపూర్ నుంచి మోహర్లీ మీదుగా తాడోబా అడవికి పోయే దారిలో ఉంది పద్మాపూర్. బాపు మేనమామ ఒకాయన అక్కడ ముందే గుడిసె వేసుకున్నాడు. ఆయన పక్కన మేమూ వేసుకున్నాం. మట్టి గోడలు, గూన పెంకుల కప్పు. అక్కడి మాటలో కవేలు. ముందు ఒక వేపచెట్టు. వాకిలి దాటితే మరాఠీ, గోండీ. వాకిలి లోపల తెలుగు. బడి మరాఠీ బడి. తెలుగు అక్షరాలు మేనమామ తాత నేల మీద పుల్లతో గీసి నేర్పినవే. అవి నాకు మాత్రమే నేర్పాడన్న సంగతి ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే గుర్తుకు వచ్చింది. అక్క పక్కనే కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది.

రెండేళ్ళ కిందట మా తెలుగు మిత్రులు కొందరు దసరా రోజుల్లో ఒక సాయంత్రం కలుసుకుని, తలా ఒకరు చిన్ననాటి ఇంటి గురించి రాసి చదవాలనుకున్నారు. నేను ఆరు పేజీలు రాశాను. కామర్సు చదివినవాణ్ణి, కవిత్వం రాదు. అయినా ఆ ఆరు పేజీలు రాయడానికి నాకు ఏ కష్టమూ కలగలేదు. రెండో పాలి డ్యూటీ ముగించుకుని రాత్రి పన్నెండు దాటాక బాపు సైకిలు గంట మోగించడం, ఎంత కడిగినా పోని కాటుకలా ఆయన కళ్ళ అంచుల బొగ్గు, అవ్వ చేసే జొన్నరొట్టె, అంబాడి కూర. మనం గోంగూర అంటాం గాని మా ఇంట్లో అది అంబాడే. శ్రావణ అమావాస్యనాడు ఎడ్లకు పోళా జరిగితే మర్నాడు పిల్లలకు తాన్హా పోళా. కర్ర ఎద్దుకు తాడు కట్టి ఇంటింటికీ లాక్కుపోవడం. సాయంకాలం కాగానే అరుగు మీద వెలిగే కందిలి, దాని గాజులోంచి వచ్చే పసుపు వెలుగు, ఆ వెలుగులో నా పుస్తకం. అన్నింటికన్నా ముఖ్యంగా 1983 జూన్. నేను ఎనిమిదో తరగతిలో చేరబోతున్నాను. పెద్ద బడి దూరం. ఒక సాయంత్రం బాపు చంద్రపూర్ నుంచి ఆకుపచ్చని కొత్త సైకిలు తోలుకొచ్చాడు. ఆ వారంలోనే కపిల్‌దేవ్ జట్టు ప్రపంచకప్పు గెలిచింది. నా జ్ఞాపకంలో ఆ రెండూ ఒకటే పండుగ. ఆ సైకిలుకు నేను ఒకటిన్నర పేజీ కేటాయించాను.

చదివే ముందు అక్కకు వినిపించాలనిపించింది. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. మంచిర్యాలలో ఉంటుంది. బాపు 2009లో, అవ్వ 2016లో పోయాక ఆ ఇంటిని ఎరిగినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. ఫోనులో ఆరు పేజీలూ చదివాను. ఎక్కడా అడ్డు రాలేదు. చివరి వాక్యం అయ్యాక కొంచెంసేపు ఊరుకుని అన్నది:

“మంచిగ రాసినవ్ తమ్మీ. గసువంటి ఇంట్ల నేను గూడ ఉంటే బాగుండు.”

“అదేందక్కా, నువ్వు లేవా?”

“ఉన్న. నీ కాగితంల కందిలి దానంతటదే ఎలుగుతున్నది. రోజూ పొద్దూకంగ గాజు తుడిసింది ఎవరనుకున్నవ్? బూడిద పెట్టి తుడుస్తుంటి. ఒకనాడు పలిగి చెయ్యి తెగింది. నువ్వేమో చదువుకోవాలె, ఎలుగు తక్కువైతే ఒప్పుకోకపోతివి.”

తరువాత ఆమె చెప్పింది నేను క్లుప్తంగా రాస్తాను. ఆమె కూడా క్లుప్తంగానే చెప్పింది. ఏడో తరగతిలో ఆమె తన బడిలో మొదటిది. 1981లో పాసయింది. పెద్ద బడి దూరమున్నది, అడవి దారి, ఆడపిల్ల నడిచి పోలేదు అన్నాడు బాపు. అది అబద్ధం కాదు. ఆ దారిలో పులి భయం నిజమే. రెండేళ్ళ తరువాత అదే దూరానికి, అదే దారికి సైకిలు వచ్చింది. ఆ సైకిలు బాపు జీతంతో కొన్నది కాదు. వరసగా రెండు ఎండాకాలాలు అవ్వా అక్కా అడవిలో తునికాకు ఏరారు. తెల్లవారుజామున మూడింటికి లేచి పోవడం, ఎండ ముదిరేలోగా తిరిగి రావడం, మధ్యాహ్నమంతా నీడన కూర్చుని 70 ఆకులకు ఒక కట్ట కట్టడం. అక్కడి మాటలో పుడా. సాయంత్రం కల్లంలో లెక్కపెట్టి ఇవ్వడం. ఆకు పసరుకు వేళ్ళు నల్లబడి పగిలేవి. ఆ పైసలు దాచి దాచి సైకిలు కొన్నారు.

“గీ ముచ్చట నలభై ఏండ్లల్ల నేను ఎన్నడన్న తీసిన్నా? నువ్వు సదివి ఇనిపిస్తివి గనుక చెప్పిన. నీ వ్యాసం నువ్వు సదువుకో, మంచిగనే ఉన్నది” అని ఫోను పెట్టేసింది.

దసరా సమావేశంలో నేను ఆ వ్యాసం చదవలేదు. జ్వరమని చెప్పాను.

ఇక్కడ నన్ను నేను ఒక ప్రశ్న వేసుకోక తప్పలేదు. ఈ సంగతులు నాకు తెలియవా? మొదట తెలియవనే సమాధానపడ్డాను. పదమూడేళ్ళ పిల్లవాడికి ఇంటి లెక్కలు ఏం తెలుస్తాయి? కానీ నిజాయితీగా తవ్వుకుంటే అది నిలబడలేదు. మధ్యాహ్నం వేపచెట్టు కింద ఆకుల కుప్ప మధ్య అక్క కూర్చుని ఉండడం నేను చూశాను. కట్టలు లెక్కపెట్టడంలో ఒకటి రెండుసార్లు సాయం కూడా చేశాను. తప్పు లెక్కపెడితే తిట్టింది. సైకిలు వచ్చినరోజు అక్క దాని సీటు మీద చెయ్యి వేసి తీసేయడం కూడా చూశాను. అంటే నాకు తెలుసు. తెలిసినదాన్ని నా తీపి జ్ఞాపకం దరిదాపులకు రానివ్వలేదు. ఆకుల కుప్ప ఒకచోట, సైకిలు మరొకచోట పెట్టుకున్నాను. ఆ రెంటికీ మధ్య దారి వేయలేదు. మరచిపోవడం వేరు, ఇది వేరు. మరచిపోవడం మన చేతిలో లేనిది. ఇది మన చేతిలో ఉన్న పనే, కాకపోతే మనకే తెలియకుండా చేసుకుంటాం.

మన పూర్వులు ఈ విషయం ఆలోచించకపోలేదు. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే అంటారు. ఆ చిన్న పుస్తకాన్ని పదవీ విరమణ దగ్గరపడుతున్న వయసులో తాత్పర్యం సాయంతో తిరగేశాను. ఆయన జ్ఞానాన్ని అనుభవమనీ స్మృతి అనీ రెండుగా విడదీస్తాడు. అనుభవం మనసులో ఒక ముద్ర వేసి పోతుంది. ఆ ముద్ర ఒక్కదానినుంచే పుట్టే జ్ఞానం స్మృతి. సరైన అనుభవం నుంచి పుట్టిన స్మృతి సరైనది, భ్రమ నుంచి పుట్టినది భ్రమ. ఎంత తేటగా ఉంది! అయితే ఈ గీటురాయి మీద నా జ్ఞాపకం నెగ్గుతుంది. ఆ సైకిలు నిజం. నా సంతోషం నిజం. జూన్ సాయంత్రపు వాన వాసన నిజం. రాసిన ఆరు పేజీల్లో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ ఇంట్లో నాతోపాటు పెరిగిన మనిషి విని, ఆ ఇంట్లో నేనుంటే బాగుండునన్నది. న్యాయశాస్త్రం నిజానిజాలు తేల్చగలదు గాని, ఎవరి అనుభవం చెప్పకుండా వదిలేశామన్నది తేల్చడం దాని పని కాదు కాబోలు.

ఇంటి మీది బెంగను ఒక రోగంగా లెక్కగట్టిన కాలం కూడా ఉంది. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి బాసెల్‌లో రాసిన పరిశోధన వ్యాసంలో దానికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. పరాయి దేశాల్లో కొలువు చేసే స్విస్ సైనికులు ఇంటి ధ్యాసలో పడి చిక్కిపోయేవారట. ఇంటికి పంపితే నయమయ్యేదట. ఇప్పుడు ఆ మాటకు తీపి అర్థం వచ్చేసింది. ఇంటికి తిరిగి పోతే నయమవుతుందన్న నమ్మకం చూస్తే నాకు చిన్న నవ్వు వస్తుంది. ఏ ఇంటికి? నేను రాసిన ఇంటికా, అక్క చెప్పిన ఇంటికా?

ఒక మిత్రునితో ఈ గొడవ చెప్పుకుంటే ఆయన నన్ను మందలించాడు. “పోయినవాళ్ళు పోయారు. ఊరు కాని ఊళ్ళో ఉన్నాం. రెండు మంచి జ్ఞాపకాలు చెప్పుకుని సంతోషిస్తే ఎవరికి నష్టం? అందరి కష్టాలూ లెక్కపెట్టి తలచుకోవాలంటే ఇక ఎవడూ ఏదీ తలచుకోడు” అన్నాడు. ఆ మాటలో బలం ఉంది. తీపి జ్ఞాపకం మనకొక ఊతం. నాగపూర్‌లో, పుణెలో, సూరత్‌లో, భిలాయ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలను తెలుగు కుటుంబాలుగా నిలిపి ఉంచినవాటిలో పుస్తకాలకన్నా అమ్మమ్మల కథల పాలే ఎక్కువ. ఆ కథలు వడకట్టినవే. వడకట్టకపోతే పిల్లలు వినరు కూడా.

కానీ నష్టం లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేకపోయాను. కారణం చెబుతాను. మా అమ్మాయి చిన్నప్పటినుంచీ ఆకుపచ్చ సైకిలు కథ వింటూ పెరిగింది. ఎప్పుడో ఒకసారి అడిగింది, అత్త ఎందుకు చదువుకోలేదు నాన్నా అని. దానికి చదువు మీద అంత ఇష్టం ఉండేది కాదమ్మా అన్నాను. ఎంత తేలికగా అన్నానో ఇప్పటికీ ఆ గొంతు నాకు వినిపిస్తుంది. పాప ఆ మాట మంచిర్యాల వెళ్ళినప్పుడు అత్తనే అడిగిందట: అత్తా, నీకు చదువంటే ఇష్టం లేకుండెనా? అక్క, అవును బిడ్డా, లేకుండె అన్నదట. ఈ సంగతి అక్క నాకు చెప్పలేదు. ఫోను గొడవ తరువాత మా అమ్మాయే చెప్పింది. నేను రాసినదాంట్లో అబద్ధం లేదన్నాను కదా. రాతలో లేదు. కానీ ఆ రాతను అలా తీయగా నిలబెట్టడానికి పక్కన ఒక అబద్ధం చెప్పవలసి వచ్చింది. అది చాలక, నా తరఫున అక్క చేత కూడా చెప్పించాను.

ముప్ఫై ఏళ్ళు లెక్కల్లో బతికినవాణ్ణి. బాకీ ఉందని తెలియగానే తీర్చేయాలన్న ఆలోచనే వచ్చింది. మా బ్యాంకుల్లో పదేళ్ళపాటు ఎవరూ అడగని డిపాజిట్లను 2014లో ఏర్పరచిన రిజర్వు బ్యాంకు నిధికి పంపిస్తాం. పంపినా ఖాతాదారు హక్కు పోదు. ఎప్పుడు వచ్చి అడిగినా లెక్క చూసి ఇవ్వవలసిందే. అక్క అడగని ఖాతా నలభై ఏళ్ళది. ఆమె మనవరాలు ఇంటర్‌లో చేరుతోంది. ఆ పిల్ల చదువు ఖర్చంతా నేను చూసుకుంటానని ఫోను చేశాను. అక్కకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే.

“ఏందిరా, లెక్క కడ్తున్నవా? ఆకు పైసలకు మిత్తి ఇస్తవా? నేను నీకు అప్పిచ్చిన్నా?”

నేను ఏమీ అనలేకపోయాను. వ్యాసంలో అక్క త్యాగం గురించి ఒక పేజీ కలుపుతానన్నాను. అదీ ఒప్పుకోలేదు. “త్యాగం గీగం అని రాయకు. నన్ను ఎవ్వరు అడిగిన్రు, ఇస్తవా అని? అడిగితే ఇచ్చుడు త్యాగం. నన్ను అడుగలే.” బడికి పంపనిదీ, సైకిలు కొనిపెట్టిందీ బాపే అయినా బాపు మీద ఆమెకు కోపం లేదు. ఆయన ఎరిగిన లోకం అంతే అంటుంది. నా మీద కూడా లేదట. ఉన్నదల్లా ఒక్కటే. నేను చెప్పే ఇంట్లో తాను లేకపోవడం. లేదా ఉన్నా, చదువు ఇష్టం లేని పిల్లగా ఉండడం.

సరే, అయితే ఆ ఇంట్లో నువ్వెలా ఉన్నావో చెప్పు అన్నాను. ఇది అడగడానికి నాకు యాభై దాటిన వయసు కావలసి వచ్చింది. ఆ తరువాత ఆదివారం ఆదివారం ఫోనులో చెప్పింది. అప్పుడు తెలిసింది, నేను కష్టాన్ని మాత్రమే కాదు, ఆమె సంతోషాన్ని కూడా వదిలేశానని. నాకు బొత్తిగా తెలియని పద్మాపూర్ ఒకటి ఉంది. చైత్రంలో చీకటి విడవకముందే ఇప్పపూలు ఏరడానికి పోవడం. రాలిన పూలతో నేల పాలమీగడలా ఉండేదట. పక్కింటి గోండు పిల్ల ఒకతె ఆమెకు స్నేహితురాలు. ఇద్దరూ బుట్టలు నిండేదాకా గోండీలోనే మాట్లాడుకునేవారు. అక్కకు గోండీ వచ్చునన్న సంగతే నాకు తెలియదు! ఆ పూలు ఎండబెడితే ద్రాక్షలా అవుతాయి, వేయించుకుని తినేవారు. భాద్రపదంలో వాన వెలిసిన పొద్దున బతుకమ్మకు తంగేడూ గునుగూ కోసుకురావడానికి ఆ స్నేహితురాలినే తోడు తీసుకుపోయేది. ఆ పిల్లకు ఈ పూలతో ఏం చేస్తారో అర్థమయ్యేది కాదు, అయినా అందరికన్నా ఎక్కువ కోసేదట. బాపు రాత్రి పాలికి పోయిన రోజుల్లో, నేను నిద్రపోయాక అవ్వా అక్కా అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల అందరి మీదా చెప్పుకుని నవ్వుకునేవారట. అవ్వ అంత నవ్వు మనిషి అని నేను ఎరగను. నాకు తెలిసిన అవ్వ ఎప్పుడూ పొయ్యి దగ్గర అలసి ఉండే మనిషి. తునికాకు అడవిలో కూడా పాటలు ఉండేవి, పరాచికాలు ఉండేవి, కోతి ఒకటి సద్దిమూట ఎత్తుకుపోయిన కథ ఉంది. చెబుతూ చెబుతూ అక్క తానే నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆమెను పాపమని తలచుకుని బాధపడడానికి నేను సిద్ధమై ఉన్నాను. ఆమె నాకు ఆ వీలు కూడా ఇవ్వలేదు.

మరి బాపు? అక్క కథలు వింటున్నప్పుడే ఆయన మాట ఒకటి గుర్తుకు వచ్చింది. పండుగ దగ్గరపడితే బాపు “ఇంటికి పోదాం” అనేవాడు. ఇంట్లో కూర్చునే అనేవాడు. ఆయన దృష్టిలో ఇల్లు కరీంనగర్ పల్లెలోది. అన్నదమ్ముల వాటాల్లో ఒక గోడ కూడా మిగలని ఇల్లు. పద్మాపూర్ ఆయనకు డ్యూటీ చేసే జాగా మాత్రమే. నేను ప్రాణంగా తలచుకునే ఇల్లు ఆయనకు ఇల్లే కాదు! ఒకే కవేలు కప్పు కింద నలుగురం నాలుగు ఇళ్ళలో ఉన్నామన్నమాట. నాలుగో ఇల్లు, అవ్వది, ఇక ఎవరూ చెప్పేవారు లేరు. అక్క దగ్గర దాని ముక్కలు కొన్ని ఉన్నాయి. స్వస్థలం ఫారంలో నేను రాసింది బాపు ఇల్లు. సమావేశం కోసం రాసింది నా ఇల్లు. రెండింటినీ ‘మా ఇల్లు’ అన్నాను.

ఈ ‘మా’ దగ్గరే నా ఆలోచన తిరుగుతోంది. ఇద్దరి పేరున ఉన్న ఖాతాలో ఎవరైనా ఒకరు సంతకం చేసి తీసుకోవచ్చునన్న ఏర్పాటు ఉంటుంది. మిగిలినవారే హక్కుదారు అన్న షరతు కూడా దానిలోనే ఉంటుంది. చట్టం ప్రకారం అందులో తప్పు లేదు. కానీ కౌంటరు ఇవతల కూర్చుని చూసినవాణ్ణి కనుక తెలుసు. తీసుకున్నవాడు రెండోవారికి చెప్పాడా లేదా అన్నదాని మీదే ఆ ఇంట్లో మాటలు ఉంటాయా పోతాయా అన్నది ఉంటుంది. జ్ఞాపకానికి పాస్‌బుక్కు ఉండదు. నేను నలభై ఏళ్ళు ఒంటి సంతకంతో తీసుకుంటూ వచ్చాను. చెడ్డ ఉద్దేశంతో కాదు. అయితే ఆ మాట అక్క దగ్గర అనడానికి నాకు నోరు రాదు.

పోయిన చైత్రంలో అక్క మహాకాళి జాతరకు చంద్రపూర్ వచ్చింది. తెలంగాణ నుంచి ఆ జాతరకు వచ్చేవారు ఎందరో, పాఠకులకు చెప్పనక్కరలేదు. దర్శనమయ్యాక, పద్మాపూర్ చూద్దామా అన్నాను. చంద్రపూర్ ఎండ సంగతి తెలిసిందే కనుక మర్నాడు తెల్లవారుతూనే జట్పురా దర్వాజా దగ్గర ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. దారిలో థర్మల్ కేంద్రం చిమ్నీలు. 1983లో మొదటి యూనిట్ నడిచిన ఆ కేంద్రం ఇప్పుడు 2,920 మెగావాట్లది. “గదో, మనం కందిలి పెట్టుకున్నప్పటి కరెంటు” అంది అక్క.

మా ఇల్లు ఉన్న వరస ఎప్పుడో పోయింది. మేమే ముందు ఖాళీ చేశాం. బాపుకు క్వార్టర్ దొరికినప్పుడు గుడిసె పెంకులు అమ్ముకుని వచ్చేశాం. ఇప్పుడు ఆ వైపంతా ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బలు, వాటి మీద పెరిగిన తుప్పలు. ఆటో దిగి రోడ్డు పక్కన నిలుచున్నాం. ఇల్లు ఎడమవైపు, రోడ్డుకు దగ్గరగా అన్నాను నేను. నాకు అది స్పష్టం, సైకిలు వేపచెట్టుకు ఆనించి ఉండేది, రోడ్డు కనబడేది. కాదు, చాలా లోపలికి, అదిగో ఆ దిబ్బ అవతల అంది అక్క. నీళ్ళ బిందెలతో నడిచింది ఆమె. ఆ దూరం నాకంటే ఆమెకే తెలియాలి. అయినా నేను ఒప్పుకోలేదు. ఆమె కూడా. పావుగంట వాదించుకున్నాం. ఆటో అబ్బాయి ఇదంతా చూసి, ఇక్కడ ఏముండేది కాకా అని మరాఠీలో అడిగాడు. ఇద్దరం ఒకేసారి చెయ్యి చూపించాం, చెరో వైపు. అతను నవ్వాడు.

తిరిగి వస్తుంటే ఒకచోట ఆటో ఆపించి అక్క దిగింది. ఇప్పచెట్టు కింద ఇంకా ఏరని పూలున్నాయి. కొంగు నిండా ఏరింది. యాభై ఏడేళ్ళ మనిషి వంగడంలో ఆ ఒడుపు చూస్తే ఎవరూ నమ్మరు. నేనొకటి నోట్లో వేసుకోబోతే, కడగకుండ తినకు, కడుపు నొస్తది అని గద్దించింది.

ఆ ఆరు పేజీలు నేను చింపేయలేదు. జాతర నుంచి వెళ్ళేటప్పుడు అక్కకు ఇచ్చి, అంచుల్లో నీకు తోచింది రాసి పంపు అన్నాను. నెల తరువాత పోస్టులో వచ్చాయి. అక్కకు తెలుగు రాయడం రాదు, మరాఠీ బడి చదువు కదా. తెలుగు మాటలనే దేవనాగరి అక్షరాల్లో రాసింది. గుండ్రంగా, ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన చేతిరాత. కందిలి దగ్గర ‘బూడిద’ అని దిద్దింది. తాన్హా పోళా దగ్గర, ఆ కర్ర ఎద్దుకు రంగు వేసింది తానేనని రాసింది. అంబాడి దగ్గర, అవ్వకు ఆ కూర ఇష్టం లేదని, మాకోసం వండేదని రాసింది. నాకు ఇది కొత్త సంగతి. అంచులు చాలక వెనకవైపు కూడా రాసింది. తిరగరాస్తే పదకొండు పేజీలు వచ్చేట్టున్నాయి.

సైకిలు ఉన్న ఒకటిన్నర పేజీ అంచు మాత్రం ఖాళీగా ఉంది. చదివి వదిలేసిందో, రాయడం ఇష్టం లేకపోయిందో. ఈ ఆదివారం ఫోనులో అడగాలి.